మిషన్ చరిత్రలో ఇంటిపనికి చోటేది?

మిషనరీల చరిత్ర రాసేటప్పుడు చర్చిలను, బడులను, ఆసుపత్రులను లెక్కిస్తాం. వాటిని నడిపినవారికి అండగా నిలిచిన ఇంటిని మాత్రం వదిలేస్తాం. ఇది అన్యాయం, అసమగ్రం కూడా. డోర్నకల్‌నే చూడండి. తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన భారతీయ మిషనరీ సంఘం తరఫున 1909లో అక్కడికి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1898లో ఆయనను పెళ్లాడిన అన్బు మరియమ్మాళ్, దక్షిణ భారతంలో కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. తమిళం మాట్లాడే ఆ కుటుంబం తెలుగు నేలపై కాపురం పెట్టింది. కొత్త భాష, పిల్లల పెంపకం, వచ్చిపోయేవారి భోజనాలు, ఊళ్లు తిరిగే భర్త: ఇలాంటి బాధ్యతలు మోసే ఇల్లు లేనిదే ఏ మిషనూ నిలవదు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్ అందరికీ కనిపిస్తుంది. ఇంటి శ్రమ కనిపించదు.

మిషన్ బంగళాల్లో పనివాళ్లు ఉండేవారు కదా, ఆ దొరల కాపురాలను కీర్తించడమెందుకని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. విదేశీ మిషనరీలు భారతీయులతో పాటించే దూరాన్ని 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యే నిలదీశారు, తమకు స్నేహితులు కావాలన్నారు. కాబట్టి ఇంటి చరిత్ర యజమానుల పొగడ్త కాకూడదు. వంటమనిషి, ఆయా, తోటమాలి కూడా అందులో ఉండాలి. మతమార్పిడిని వ్యతిరేకించేవారికైనా ఈ శ్రమను గుర్తించడానికి అభ్యంతరం ఉండనక్కర్లేదు.

నాదర్‌గుల్ వంటి హైదరాబాద్ శివార్లలోని క్రైస్తవ సంఘాలు ఇంటి చరిత్ర రాసే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. వార్షికోత్సవ సంచికలో పాస్టర్ పేరు పక్కన ఆ ఇంటిని నడిపినవారి పేర్లూ, పనులూ రాయండి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి.