రెండవసారి చూడవలసిన పారిస్



ఒక విదేశీ నగరాన్ని చూసి వచ్చినవారికి మరల అదే నగరానికి వెళ్ళే అవకాశం కలిగితే, వారు సాధారణంగా రెండు పనులలో ఒకటి చేస్తారు. మొదటిసారి చూసినవాటినే వెంట వచ్చినవారికి చూపిస్తారు. లేదా మొదటిసారి వదిలిపోయిన ప్రసిద్ధ స్థలాలకు ఒక జాబితా వ్రాసుకొని బయలుదేరుతారు. ఈ రెండు పద్ధతులలోనూ రెండవ ప్రయాణం వృథా అవుతుందని నా అభిప్రాయం. మరల వెళ్ళినవారు ఆ నగరంలో ఎవరూ పెద్దగా చెప్పుకోని పేటలలో తిరగాలి. అలా తిరిగేటప్పుడు కొన్ని మర్యాదలు కూడా పాటించాలి. ఎందుకో పారిస్ ఉదాహరణతో మనవి చేస్తాను.

1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో పెరిగినవాడికి పారిస్ పేరు కొత్త కాదు. మా నాన్నగారు ఫ్రెంచి బడిలో చదివిన తరంవారు. ఆ నగరాన్ని ఆయన చూడలేదు కాని, వీధుల పేర్లు మాత్రం మా ఊరి వీధుల పేర్లంత సులువుగా చెప్పేవారు. నేను మొదటిసారి 2011లో వెళ్ళాను. నాలుగు రోజులలో ఈఫిల్ టవరు, లూవ్ర్ ప్రదర్శనశాల, నోత్ర్ దామ్ చర్చి, సేన్ నదిపై పడవ ప్రయాణం అన్నీ ముగించాను. వాటిని చూడవద్దని నేనెన్నడూ అనను. మొదటిసారి వెళ్ళినవారు అవి చూసి తీరవలసిందే. ఐతే ఇంటికి వచ్చిన తరువాత, పారిస్‌లో మనుషులు ఎలా బ్రతుకుతున్నారని మా బడి పిల్లవాడొకడు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేకపోయింది. నేను చూసినదంతా సందర్శకులనే.

మరల 2025 ఏప్రిల్‌లో వెళ్ళాను. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, "మావయ్యా, నోత్ర్ దామ్ మళ్ళీ తెరిచారు, ముందు అక్కడికి వెళ్దామా?" అని అడిగాడు. 2019 ఏప్రిల్‌లో కాలిపోయిన ఆ చర్చిని 2024 డిసెంబరులో తిరిగి తెరిచిన సంగతి మీకు తెలిసినదే. "అది తరువాత చూద్దాం నాయనా. నువ్వు కూరగాయలు ఎక్కడ కొంటావో ముందు అది చూపించు" అన్నాను. వాడు నవ్వాడు. ఆ వారం రోజుల ప్రయాణం అలా మొదలైంది.

పేటలలోకి వెళ్ళే ముందు కొంచెం చరిత్ర చెప్పాలి. మనం చిత్రాలలో చూసే తిన్నని విశాలమైన వీధులు, ఒకే ఎత్తున నిలిచిన భవనాలు చాలావరకు మూడవ నెపోలియన్ కాలంలో, 1853 నుండి 1870 వరకు అధికారిగా ఉన్న ఓస్మాన్ చేతిమీదుగా రూపొందినవి. ఆ వీధుల కోసం పాత ఇళ్ళు వేల సంఖ్యలో కూల్చారు. అద్దెలు పెరిగాయి. కూలీలు, చేతిపనులవారు మధ్య నగరంలో నిలువలేక చుట్టుపక్కల గుట్టలమీది గ్రామాలకు పోయారు. 1860లో ఆ గ్రామాలను కూడా నగరంలో కలుపుకొని, పన్నెండుగా ఉన్న నగర విభాగాలను ఇరవై చేశారు. బెల్విల్, మెనిల్‌మోంతాన్, లా విలెత్, షరోన్ అలా పారిస్‌లో చేరినవే. పాలకులు లోకానికి చూపదలచినది మధ్యలో ఉన్నది. అందుకు వెల చెల్లించినవారు అంచులలో స్థిరపడ్డారు. కనుక మధ్య భాగం ఒక్కటే చూసినవారు ఆ నగర చరిత్రను సగమే చదివినట్లు.

దక్షిణాన బ్యుత్-ఓ-కాయ్ అనే చిన్న గుట్ట ఉంది. రాళ్ళు పరచిన వంకర సందులు, రెండంతస్తుల ఇళ్ళు చూస్తే ఏదో పల్లెకు వచ్చినట్లనిపిస్తుంది. 1783 నవంబరు 21న మానవులు తాడు కట్టని బెలూనులో తొలిసారి ఎగిరినప్పుడు, నగరానికి పడమటి వైపున బయలుదేరి ఈ గుట్టమీద దిగారు. అప్పుడు ఇక్కడ గాలిమరలు ఉండేవి. గుట్ట దిగువన బియెవ్ర్ అనే చిన్న నది పారేది. తోళ్ళు ఊనేవారు, బట్టలకు రంగులద్దేవారు, చాకివారు ఆ నీటిపైనే బ్రతికారు. నీరు మురికై దుర్గంధం భరించరానిదయ్యాక, 1912 నాటికి నగరంలో ఆ నదిని పూర్తిగా కప్పివేశారు. నేడు దానిమీద వీధులున్నాయి. అదే గుట్టమీద సుమారు 580 మీటర్ల లోతున ఒక బావి తవ్వారు. దశాబ్దాలపాటు ఆగుతూ సాగిన ఆ పని 1904లో పూర్తయింది. దాదాపు 28 డిగ్రీల వెచ్చదనంతో పైకి వచ్చే ఆ నీటిని 1924లో కట్టిన ప్రజల ఈతకొలనుకు వాడుకున్నారు. ఒక నదిని చంపుకొని, మరొక నీటిని పాతాళం నుండి తోడుకొన్న కథ నడక దూరంలోనే ఉంది. భూగోళ పాఠానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఈశాన్యాన బ్యుత్ షోమోన్ ఉద్యానవనం ఉంది. కొండ, గుహ, జలపాతం అన్నీ ప్రకృతి సిద్ధమనిపిస్తాయి. నిజానికి అది జిప్సం తవ్వి వదలిన గనుల నేల. 1867లో దానిని తోటగా మార్చి తెరిచారు. మన ఊళ్ళలో విరిగిన చేతికి వేసే కట్టు, వినాయక చవితికి చేసే రంగుల విగ్రహాలు ఏ పిండితో చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అనే ఆ పేరు ఈ నగరపు గుట్టల జిప్సం వల్లనే వచ్చింది. ఆ మాటను ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పాను. అందులోని పారిస్ ఎక్కడుందో మాత్రం ఆ గుట్ట ఎక్కేవరకు ఆలోచించలేదు.

ఆ తోట ప్రక్కనే మూజాయా అనే పేట ఉంది. క్రింద నేల గుల్లగా ఉండడం వల్ల అక్కడ ఎత్తైన భవనాలు కట్టలేదు. ఇరుకైన సందులకు ఇరువైపులా చిన్న చిన్న ఇళ్ళు, ముందు పూలతీగలు. సామాన్యుల కోసం కట్టిన ఆ ఇళ్ళు నేడు సంపన్నులకు తప్ప అందని ధర పలుకుతున్నాయి. అక్కడ నేనొక తప్పు చేశాను. ఒక ఇంటి గుమ్మం ముచ్చటగా ఉందని ఆగి చిత్రం తీశాను. కిటికీ తెరచుకొంది. ఒక వృద్ధురాలు కోపగించుకోకుండానే ఒక మాట అన్నది. నాకు వచ్చిన కొద్దిపాటి ఫ్రెంచికి కూడా అర్థమైన మాట అది: ఇక్కడ మనుషులు కాపురముంటున్నారు. క్షమించమని అడిగి కెమెరా సంచిలో పెట్టాను. ఆ రోజు మరల బయటికి తీయలేదు.

బెల్విల్‌కు రెండుసార్లు వెళ్ళాను. మంగళ, శుక్రవారాలలో ఉదయం పూట పెద్ద వీధి మధ్యన సంత జరుగుతుంది. చైనా అక్షరాల బోర్డులు, అరబ్బీ అక్షరాల బోర్డులు ప్రక్కప్రక్కనే ఉంటాయి. ఇంతకు ముందు తరాలలో పోలండు యూదులు, ఆర్మీనియన్లు, ఆపైన ట్యునీషియా, అల్జీరియాలవారు వచ్చి చేరిన పేట అది. ప్రఖ్యాత గాయని ఎడిత్ పియాఫ్ ఒక ఇంటి మెట్లమీద పుట్టిందని అక్కడ గోడకు పలక తగిలించారు. జనన నమోదులో మాత్రం సమీపంలోని ఆసుపత్రి పేరు ఉంది. పేటవారు కథనే ప్రేమించారు. అందుకు వారిని తప్పు పట్టను.

కాని మరొక పలక ముందు నా కాళ్ళు కదలలేదు. అది ఒక ప్రాథమిక పాఠశాల గోడకు ఉంది. నల్లని పలకమీద బంగారు రంగు అక్షరాలు. 1942 నుండి 1944 వరకు, యూదులుగా పుట్టిన కారణాన ఈ బడి పిల్లలను పట్టుకొని పంపివేశారని, నాజీల దౌష్ట్యంలో నాటి ఫ్రెంచి ప్రభుత్వానికి భాగముందని ఆ పలక చెబుతుంది. ఫ్రాన్సు మొత్తంమీద పదకొండు వేలకు పైగా పిల్లలను అలా పంపారు. 1942 జూలై 16, 17 తేదీలలో పారిస్‌లోను, దాని శివార్లలోను సుమారు 13,000 మందిని పట్టుకొన్నవారు ఫ్రెంచి పోలీసులే. పట్టుబడినవారిలో నాలుగు వేలకు పైగా పిల్లలున్నారు. దేశం తరఫున ఆ బాధ్యతను అధ్యక్షుడు షిరాక్ 1995లో ఒప్పుకొన్నాడు. అటువంటి పలకలు ఆ నగరంలో ఎన్నో బడులకు ఉన్నాయి.

నేను ఉపాధ్యాయుడను. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష మాట్లాడే పిల్లలకు పాఠం చెప్పి జీవించినవాడను. ఆ పిల్లలలో చాలామంది ఇంట్లో యిద్దిష్ మాట్లాడి, బడికి వచ్చి ఫ్రెంచిలో ఎక్కాలు చెప్పినవారు. హాజరు పట్టీలో వారి పేర్లు ఆగిపోయిన రోజున ఆ తరగతి ఉపాధ్యాయుడు ఏమి చేసి ఉంటాడో ఊహించుకొంటూ నిలబడిపోయాను. లోపల పిల్లలు ఆడుకొంటున్న సందడి వినిపిస్తూనే ఉంది. 2011లో నేను తిరిగిన బాటలో ఇది నాకెక్కడా ఎదురు కాలేదు.

చివరి రోజు మేనల్లుడు కూరగాయలు కొనే చోటికి, లా షపెల్‌కు తీసుకువెళ్ళాడు. 1983 తరువాత శ్రీలంక యుద్ధం వల్ల వచ్చిన తమిళులు నిలబెట్టిన అంగళ్ళ వీధి అది. కరివేపాకు, మునగకాయలు, చింతపండు అన్నీ దొరికాయి. 1985లో నెలకొల్పిన వినాయకుని గుడి దగ్గరలోనే ఉంది. ఏటా వేసవి చివరలో ఆ వీధులలో రథోత్సవం జరిపి కొబ్బరికాయలు కొడతారట. మన తెలుగు బోర్డు ఒక్కటీ కనబడలేదని మేనల్లుడు చిన్నబుచ్చుకొన్నాడు. ఊరు విడిచి పారిపోవలసి వచ్చినవారి వీధిని చూసి మనం అసూయపడవద్దని వాడికి చెప్పాను.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న అడుగవచ్చు. అందరూ మీలాగే ఆ పేటలకు పోతే అవి కూడా ఈఫిల్ టవరు దారిలా కావా? ఇది న్యాయమైన ప్రశ్న. ఓస్మాన్ వీధులు చేసిన పనిని నేడు సందర్శకుల అద్దె గదులు నెమ్మదిగా చేస్తున్నాయి. పారిస్‌లో సొంత కాపురపు ఇంటిని ప్రయాణికులకు ఏడాదికి 120 రోజుల వరకు అద్దెకివ్వవచ్చునని ఉన్న నియమాన్ని 2025 జనవరి నుండి 90 రోజులకు తగ్గించారంటే, బాధ ఎంత పెరిగిందో ఊహించుకోవచ్చు. అందుచేత కాపురాలుండే ఇళ్ళలో గదులు వెదకకుండా హోటలులోనో బంధువుల ఇంటనో బస చేసి, పేటకు పగటిపూట అతిథులుగా వెళ్ళడం మంచిది. రోజుకు ఒక్క పేట చాలు. అంగడిలో అడుగు పెట్టగానే "బోంజూర్" అని పలుకరించండి; అక్కడ అది కనీస మర్యాద. ఏదైనా కొనండి. గుమ్మాలను, పిల్లలను చిత్రాలు తీయకండి. గోడమీది పలక కనిపిస్తే ఆగి చదవండి. చదవడం రాకపోతే ఎవరినైనా అడగండి. చెప్పేవారు తప్పక దొరుకుతారు.

మరొక ఆక్షేపణ కూడా ఉంది. అంత ఖర్చు పెట్టి అంత దూరం వెళ్ళి, పేదల సందులు చూసి రావడమేమిటని మా బంధువులలోనే ఒకరన్నారు. నా సమాధానం ఒక్కటే. ఈఫిల్ టవరు చిత్రాలు ఇంట్లో కూర్చొని ఎన్నైనా చూడవచ్చు. ఆ బడి గోడ ముందు నిలబడడానికి మాత్రం వెళ్ళవలసిందే.

బెల్విల్ గుట్టమీది తోట నుండి నగరమంతా కనిపిస్తుంది. చివరి సాయంత్రం అక్కడ కూర్చొన్నాము. దూరాన ఈఫిల్ టవరు చూపుడువేలంత కనబడింది. ప్రక్క బల్లమీద ఇద్దరు ముసలివారు నాకు తెలియని భాషలో ఏదో విషయంపై గట్టిగా వాదించుకొంటున్నారు. ఈసారి మా పిల్లవాడు అదే ప్రశ్న అడిగితే, నా దగ్గర చెప్పడానికి మాటలున్నాయి. మీకు ఏ నగరానికైనా మరల వెళ్ళే భాగ్యం కలిగితే, ఒక్క రోజైనా ఇటువంటి పేటకు కేటాయించండని నా మనవి.