ఒక గంట పని – ఒక నెల లెక్క

విశాఖపట్టణమున ద్వారకానగర్‌లో ఉదయవేళ ఒక గడియ నిలిచి చూచువారికి రెండు జనసమూహములు కన్పట్టును. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి పనికై ఊరి నలుదిక్కులకు పోవు శ్రమజీవులది ఒకటి. పుస్తకముల సంచులతో కోచింగు కేంద్రములకును, పౌర గ్రంథాలయమునకును పోవు యువజనులది మరియొకటి. ఉభయులకును కావలసినది ఒక్కటే, నమ్మదగిన జీవనోపాధి. అది ఎందరికి గలదు, ఎందరికి లేదు అను ప్రశ్నకు ప్రభుత్వమువారు ఇప్పుడు నెలనెలా ఒక అంకెతో సమాధానము చెప్పుచున్నారు. ఆ అంకెను మనమెట్లు చదువవలెనో విచారించుట అవసరము.

2017లో ఆరంభమైన శ్రామికశక్తి సర్వే యొక్క మొదటి నెలవారీ ప్రకటన 2025 మే 15వ తేదీన వెలువడెను. ఆ యేప్రిల్ నెలలో 15 ఏండ్లును అంతకు పైబడిన వయస్సును గలవారిలో నూటికి 55.6 మంది శ్రామికశక్తిలో నుండిరనియు, వారిలో నూటికి 5.1 మంది నిరుద్యోగులనియు, 15 మొదలు 29 ఏండ్లలోపు వారియందు ఆ పాలు 13.8 అనియు తేలినది. ఇది మేలైన కార్యమే. అమెరికాలో మహా ఆర్థికమాంద్యపు అనుభవముతో 1940 నుండియే నెలనెలా ఈ లెక్క తీయుచున్నారు. ఎనుబది యైదేండ్ల ఆలస్యముగానైనను మనమును ఆ దారి పట్టితిమి. జ్వరము చూడని వైద్యుడు మందేమి ఇయ్యగలడు?

కాని చూచెడి కొలబద్ద ఎట్టిది? గడచిన ఏడు దినములలో ఏ ఒక్కనాడైనను ఒక్క గంట పని చేసినవాడు ఈ లెక్కలో ఉద్యోగవంతుడే. ఇది మన అధికారుల కల్పన కాదు; 1982లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశము అంగీకరించిన నియమము. దేశదేశముల అంకెలను సరిపోల్చుటకు అది పనికివచ్చును. అయితే నెలజీతమే పరిపాటియైన దేశమున ఆ గంటకు గల అర్థము వేరు, దినకూలిపై బ్రతుకు దేశమున దాని అర్థము వేరు.

మన ఊరి ఉదాహరణమునే గైకొందము. 1966లో ఉక్కు ఫ్యాక్టరీకై ఆంధ్రులు ఉద్యమించి 32 ప్రాణములను బలియిచ్చినది లోహము కొరకు మాత్రమే కాదు, ఉపాధి కొరకు. 1971లో ఆ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగెను. 2021 జనవరిలో దానిని పూర్తిగా విక్రయించుటకు కేంద్రము సూత్రప్రాయముగ సమ్మతించెను. 2025 జనవరిలో ఆ కేంద్రమే 11,440 కోట్ల రూపాయల సాయమును ప్రకటించెను. ఈ నడుమ కాంట్రాక్టు కార్మికుల తొలగింపునకు వ్యతిరేకముగ ఆందోళనలు సాగినవి. గేటుపాసు పోగొట్టుకొన్న కార్మికుడొకడు మరుసటి వారము ఏ మేస్త్రీ వద్దనో ఒక పూట ఇటుకలు మోసెననుకొనుడు. సర్వే లెక్కలో అతడు నిన్నను ఉద్యోగవంతుడే, నేడును ఉద్యోగవంతుడే. అతని ఇంట పొయ్యి ఎరిగిన భేదమును ఆ అంకె ఎరుగదు.

ఇక గ్రంథాలయమున కూర్చున్న పట్టభద్రుని మాట. పోటీపరీక్షకు చదువుకొనుచున్నానని, వేరు పని వెదకుట లేదని అతడు చెప్పినచో, అతడు నిరుద్యోగి కాడు, శ్రామికశక్తికే వెలుపలివాడు. మూడేండ్లు తండ్రి సంపాదనపై బ్రతుకుచు నోటిఫికేషనుకై ఎదురుచూచువానిని నిరుద్యోగులలో చేర్చని లెక్కను చూచి మనమెట్లు తృప్తి చెందగలము?

మరియొక లోపము గలదు. 2025లో ఆరంభమైన నెలవారీ ప్రకటన అఖిల భారతమునకు ఉద్దేశింపబడినదే కాని, రాష్ట్రమునకు గాని విశాఖకు గాని కాదు. భవిష్యనిధి సంస్థ 2018 నుండి నెలనెలా రాష్ట్రములవారీగ చందాదారుల లెక్క ప్రకటించుచున్నది, నిజమే. కాని పాత సంస్థ ఆ నిధిలో క్రొత్తగా చేరినచో, అందు ఏండ్ల తరబడి పనిచేయువారును క్రొత్త ఉద్యోగులవలె కన్పట్టుదురు. నమోదు వేరు, ఉద్యోగసృష్టి వేరు.

కావున మేము కోరునది అంకెలను మానుమని కాదు, అంకెలను పూర్తిచేయుమని. 2025 నుండి ఈ సర్వేలో జిల్లాయే ప్రాథమిక విభాగమైనది. ఆ పునాదిపై రాష్ట్ర ప్రభుత్వము జిల్లాల లెక్కలను తీయించి ప్రకటింపవలెను. ఉద్యోగముల సంఖ్య ప్రక్కనే పనిగంటలను, వచ్చిన కూలిని చూపవలెను. రేవు, ఉక్కు, నౌకానిర్మాణము వంటి పెద్ద సంస్థలు తమ కాంట్రాక్టు కార్మికులలో ఎందరిని చేర్చుకొనిరో, ఎందరిని తొలగించిరో నెలనెలా వెల్లడింపవలెను. టన్నుల లెక్క చెప్పగల సంస్థలకు మనుష్యుల లెక్క చెప్పుట కష్టమా?

చదువరులును ఒక పని చేయవచ్చును. ప్రతి నెల ఆ అంకె వెలువడిననాడు పఠనమందిరమున దానిని చదివి, మన వీధిలో ఎందరికి నెలకెన్ని దినములు పని దొరకెనో విచారింపుడు. ఆ రెండు లెక్కలకు నడుమ గల అగాధమును గూర్చి ప్రజాప్రతినిధులను ప్రశ్నింపుడు. ప్రజలు అడుగని లెక్కను ఏ ప్రభుత్వమును తనంతట తాను అప్పజెప్పదు.