గోధూళి ఫొటోల మీద ఒక ఫిర్యాదు

హైదరాబాద్ నుంచి వీకెండ్ ఫొటో ట్రిప్పులకి బయల్దేరే మిత్రులు దుమ్ము గురించి చాలా శ్రద్ధగా మాట్లాడతారు. బయట లెన్స్ మార్చొద్దు. తప్పదంటే కెమెరా ఆఫ్ చేసి, మూతి కిందికి వంచి మార్చాలి. ముందు బ్లోయర్‌తో ఊది ఆ తర్వాతే బట్ట పెట్టాలి, లేకపోతే ఇసుక రేణువు అద్దాన్ని గీకేస్తుంది. అన్నీ మంచి సలహాలే, నేనూ పాటిస్తాను. కానీ ఇవన్నీ ఎక్కడో ఎడారి చూడ్డానికి వెళ్లే పరదేశి యాత్రికుడి జాగ్రత్తలు. వాటితో పాటు అతని చూపుని కూడా మనం దిగుమతి చేసుకున్నాం. మొరాకోకి వెళ్లినట్టే దేవరకొండకి వెళ్తున్నాం.

ఆ చూపుకి దుమ్ము రెండే రకాలు. కెమెరా లోపల పడితే శత్రువు, కెమెరా ముందు లేస్తే అందం. ఎర్ర చెల్కలో మేకల మంద, పొద్దు గుంకే ఎండ, చుట్టూ బంగారు పొగ, కింద 'గోధూళి' అని క్యాప్షన్. పాలమూరు, నల్లగొండ అంటే ఈ ఒక్క ఫొటోనే ఎన్నిసార్లు చూడాలి? (దుమ్ము సరిపోకపోతే లైట్‌రూమ్‌లో డీహేజ్ స్లయిడర్ ఎడమకి జరిపితే చాలు, కావలసినంత వస్తుంది.)

ఈ అందం వెనక ఉన్నది మామూలు ఫిజిక్సే. సన్నటి ధూళి తనమీద పడ్డ వెలుతురుని ఎక్కువగా ముందుకే చెదరగొడుతుంది. అందుకే సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే దుమ్ము మెరుస్తుంది, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుంటే దాదాపు మాయమవుతుంది. అయితే ఎదురెండలో దుమ్ము వెలగాలంటే దాని మధ్యలో ఉన్న మనిషి నల్లబడిపోవాలి. తట్ట మోసే మనిషి, చేట పట్టిన మనిషి, మేకలు కాసే పిల్లవాడు, అందరూ ఒకే నల్లటి ఆకారం. దాన్ని మనం 'సిల్హౌట్' అని మెచ్చుకుంటాం. దుమ్ముని చూపించడానికి మొహాన్ని చెరిపేసే పద్ధతి ఇది. యాదృచ్ఛికం అంటే ఒప్పుకోను. ఎక్స్‌పోజర్ పెట్టేటప్పుడే దేన్ని వదిలేస్తున్నామో మనకి తెలుసు.

ఇంకో లెక్క కూడా ఉంది. 24 మెగాపిక్సెళ్ల మామూలు క్రాప్ సెన్సర్ మీద ఒక్క పిక్సెల్ వెడల్పు సుమారు 4 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగే సిలికా ధూళి కూడా దాదాపు అంతే, లేదా అంతకన్నా చిన్నది. ఫొటోలో మెరిసేది చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోయే ముతక దుమ్ము. చంపేది కంటికి కనబడదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ వైపు పలుగురాళ్లని పొడిచేసే మిల్లుల్లో పనిచేసిన కూలీలకి సిలికోసిస్ వచ్చింది, కొందరు చనిపోయారు. పేపర్లలో వచ్చిన సంగతే. ఆ జబ్బుని నయం చేసే మందు లేదు. సెన్సర్ మీద మచ్చ పడితే సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్లం, ఆ దుమ్ములో ఎనిమిది గంటలు నిలబడే మనిషి మూతికి కట్టుకున్నది మాస్కా, తువ్వాలా అని ఎప్పుడైనా జూమ్ చేసి చూశామా?

"ఇది ట్రావెల్ ఫొటోగ్రఫీ, ఉద్యమం కాదు" అంటాడు నా స్నేహితుడొకడు. సరే. ఉద్యమం అక్కర్లేదు. కానీ బతుకమ్మనీ, పల్లె ఆడవాళ్లనీ ఏళ్లతరబడి తీసిన భరత్ భూషణ్ లాంటివాళ్లు మనకున్నారు. ఊరిని అందంగా తీయడానికి ఊళ్లో వాళ్లని నీడలు చేయనక్కర్లేదని తెలుసుకోడానికి పారిస్ దాకా పోనక్కర్లేదు.

హార్వెస్టర్లు వచ్చాక తూర్పారబట్టడం బాగా తగ్గింది. మా పెద్దమ్మ మాత్రం ఇంటికి సరిపడా కందుల్ని ఇప్పటికీ చేటతోనే ఎత్తిపోస్తుంది. "గాలి జూసుకొని నిలవడాలె బిడ్డా, లేకుంటె పొట్టంత కండ్లల్ల వడ్తది" అంటుంది. మనం గాలి చూసుకోం, ఎండ చూసుకుంటాం. ఒక్కసారి అవతలివైపుకి నడిచి, ఎండని వీపుకి తగలనిచ్చి తీసి చూడండి. బంగారు పొగ ఉండదు. కనురెప్పల మీద పొట్టు, ముక్కుదాకా చుట్టిన కొంగు, చిట్లించిన కళ్లు ఉంటాయి. లైకులు తగ్గుతాయి, అది ఖాయం. ఆమె మీవైపే చూస్తుంటుంది కాబట్టి పేరు కూడా అడగాల్సి వస్తుంది. సెన్సర్ గురించి బెంగ మాత్రం అక్కర్లేదు. ఆ మచ్చలు ఎఫ్ 16 దగ్గర కొట్టొచ్చినట్టు కనబడతాయి గానీ, ఎఫ్ 4లో మొహం తీస్తే దాదాపు కనబడవు.