సనద్ లేని సిక్కా



రోమన్ బాద్‌షాల బొమ్మలున్న పాత సిక్కాలు కొని దాచుకునే షౌక్ మన పిల్లల్లోనూ మొదలైంది. ఫోన్‌లో చూస్తారు, వేలంలో పాడతారు, నాలుగు రోజుల్లో చిన్న కవరులో అగస్టస్సో టైబీరియస్సో ఇంటికొచ్చేస్తాడు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే సవాల్: "బొమ్మ ఉన్న నాణెం ఇంట్లో పెట్టుకోవచ్చా బేటా?"

నేను ముఫ్తీని కాను. ఫత్వా కావాలంటే మీ మస్జిద్ ఇమామ్ సాహెబ్‌ని అడగండి. జర్నలిస్టుగా నాకు తెలిసిన తారీఖ్ మాత్రం చెబుతాను.

నబీ కరీం (సల్లల్లాహు అలైహి వసల్లం) దౌర్‌లో హిజాజ్‌కు సొంత టక్సాల్ లేదు. మక్కా తాజిర్ల చేతుల్లో తిరిగింది రోమన్ల బంగారు దీనార్, ఇరానీల వెండి దిర్హమ్. ఆ దీనార్ మీద ఉన్నది హిరాక్లియస్ బొమ్మ, అంటే మన కితాబుల్లోని హిర్కల్. వెనక వైపు సలీబ్. దిర్హమ్ మీద ఖుస్రో. జకాత్ లెక్క, మహర్ లెక్క, తిజారత్ అంతా వీటితోనే నడిచింది. హజ్రత్ ఉస్మాన్ (రజి) దౌర్‌లో ఇరాన్‌లో వేసిన దిర్హముల మీద కూడా పాత బాద్‌షా బొమ్మ అలాగే ఉంది, అంచున "బిస్మిల్లాహ్" చేరింది. బంగారు దీనార్ మీద బొమ్మ పోయి కలిమా వచ్చింది హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696-97లో, ఉమవీ ఖలీఫా అబ్దుల్ మలిక్ హుకూమత్‌లో. అంతకు మూడేళ్ల ముందు ఆయనే కత్తి పట్టుకుని నిలబడ్డ తన బొమ్మతో దీనార్ వేయించాడు!

ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్లో దీనార్ అంటే అరబ్బు మాటే అనుకునేవాళ్లం. దాని అసలు ఇల్లు రోమ్. వాళ్ల వెండి నాణెం పేరు డెనారియస్. అదే అరబ్బుల దగ్గర దీనార్, సంస్కృతంలో దీనారం. డిగ్రీలో తెలుగు చదువుతుంటే శ్రీనాథుడి పద్యంలో దీనారాలు ఎదురైనప్పుడు పాత దోస్తును చూసినంత ఖుషీ అయింది నాకు.

ఈ షౌక్‌లో మజా ఏమిటో నాకు తెలుసు. మన సుల్తానుల జమానాలో బాద్‌షాహీకి రెండు నిషానీలు ఉండేవి: ఖుత్బాలో పేరు, సిక్కా మీద పేరు. రోమ్‌లో పేరుతో పాటు మొహం కూడా. కొత్త బాద్‌షా తఖ్తెక్కాడని ఎక్కడో మిస్ర్‌లో ఉన్న రైతుకి తెలియజేసే అఖ్బార్ ఆ సిక్కాయే. నీరో నాణేలను తారీఖుల వరసలో పేర్చి చూడండి. లేత కుర్రాడి మొహం మెల్లగా గడ్డం కింద కండ పట్టి బలిసిపోతుంది. వెస్పాసియన్ ముడతలు దాచుకోలేదు. చరిత్ర పుస్తకం చదవని పిల్లాడు కూడా వీటిని చూసి చదవడం మొదలుపెడతాడు.

కాబట్టి బొమ్మ దగ్గర నాకు గొడవ లేదు. నా సవాల్ వేరే: ఈ సిక్కా నీ చేతికి ఎవరి చేతి నుంచి వచ్చింది? వాళ్లకు ఎవరి నుంచి వచ్చింది? ఏ మట్టిలోంచి లేచింది?

హదీస్ వింటే ముందు సనద్ అడగడం మన బుజుర్గులు నేర్పిన అదబ్. ఫలానా వారి నుంచి ఫలానా వారు విన్నారు అనే ఆ గొలుసు తెగిపోతే, మాట ఎంత తియ్యగా ఉన్నా పక్కన పెడతారు. పాత సిక్కాకీ అదే తరాజు పెట్టమంటాను.

ఎందుకంటే నాణెం ఒంటరిగా చెప్పేది తక్కువ, దొరికిన చోటుతో కలిసి చెప్పేది ఎక్కువ. మన నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒకేచోట 1500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్‌లవే. చాలా వాటి మీద బాద్‌షా మొహానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. ఆ గాటు ఎందుకు పెట్టారన్న దాని మీద ఆలిములు ఇంకా బహస్ చేస్తూనే ఉన్నారు. ఆ కుప్పను ఎవరో పదేసి చొప్పున అమ్మేసి ఉంటే, సముద్రం దాటి వచ్చిన వెండి తెలంగాణ లోపలి దాకా నడిచిందన్న గవాహీ చెదిరిపోయేది. గాటు పడ్డ నాణేలను "చెడిపోయిన సరుకు" అని కరిగించేసేవాళ్లు కూడా.

ఇంగ్లండ్ సంగతి చూడండి. 2010లో ఫ్రోమ్ అనే ఊరి దగ్గర ఒక మామూలు మనిషికి పొలంలో కుండ దొరికింది. ఆయన తవ్వడం ఆపి కబురు పెట్టాడు. పురావస్తువాళ్లు వచ్చి పొరలు పొరలుగా తీస్తే 52,503 రోమన్ నాణేలు తేలాయి. వాటిలో బ్రిటన్‌ను చేజిక్కించుకుని ఏలిన కరాసియస్ నాణేలు 760 పైచిలుకు. అందరికంటే కొత్తవైన ఆ నాణేలు చాలావరకు కుండ అడుగు సగంలో ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి కూడబెట్టింది కాదు, ఒకేసారి నింపిన కుండ అన్నమాట. ఇంటికి తీసుకెళ్లి దుప్పటి మీద గుమ్మరించి ఉంటే ఈ ఇల్మ్ అక్కడే ఖతం.

కొందరు పిల్లలు హుషారుగా జవాబిస్తారు: "భూమిలో దొరికింది రికాజ్ కదా అంకుల్, ఖుమ్స్ ఇచ్చేస్తే మిగతాది మాదే." బేటా, ఐదో వంతు బైతుల్ మాల్‌కు అప్పజెప్పాలంటే ముందు దొరికిందని చెప్పాలి కదా! పైగా మనం ఉంటున్న ముల్క్‌కు కానూన్ ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా అలాంటి వాటి వ్యాపారం కుదరదు, దేశం దాటించడం అసలే కుదరదు.

ఇంకొకరి దలీల్: "మ్యూజియంలో మూలన పడి ఉండే బదులు మా దగ్గర భద్రంగా ఉంటాయి." ఇందులో కొంత నిజముంది. నాణేల ఇల్మ్‌ను పెంచినవాళ్లలో షౌకీన్‌లు చాలామంది ఉన్నారు. పాత కలెక్షన్ల నుంచి కాగితాలతో సహా వచ్చే సిక్కాలూ ఉన్నాయి. నేను వాటి జోలికి పోవడం లేదు. మట్టి కూడా వదలని నాణేలను గుప్పెళ్ల లెక్కన అమ్మేవాణ్ణి "ఎక్కడివి?" అంటే "పాతవి సర్" అనేవాడి సంగతి చెబుతున్నాను. ఆ సరుకులో సగం దొంగతవ్వకం, సగం నకిలీ అయినా మనకు తెలిసే దారి లేదు. దోచుకున్న మాల్ అని షక్ ఉన్నదాన్ని హలాల్ కమాయి పోసి కొనడం ఏ తరాజులో తూగుతుంది?

అమ్మీ, అబ్బాలకు నా గుజారిష్. పిల్లల షౌక్‌ను "బుత్" అని తిట్టి ఆపకండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకు తీసుకెళ్లండి. కొంటానంటే కాగితం అడగడం నేర్పండి: ఏ కలెక్షన్‌ది, ఎప్పుడు అమ్మారు, బిల్లేది. జవాబు రాకపోతే ఖాళీ చేతులతో లేచి రావడం నేర్పండి. ఇంట్లో ఇప్పటికే బంగారు, వెండి సిక్కాలుంటే జకాత్ లెక్కలో కలపడం మరిచిపోకండి.

టైబీరియస్ పోయి రెండు వేల ఏళ్లు కావస్తోంది. అతని మొహం మన ఈమాన్‌ను ఏమీ చేయలేదు. ఆ మొహాన్ని మన దాకా మోసుకొచ్చిన చేతుల గురించి మాత్రం హిసాబ్ ఇవ్వాల్సింది మనమే.