ఒక్క గీత

అక్షరమున గీత చిన్నదే కావచ్చును. కాని దానిని చిన్నచూపు చూడరాదు.

చైనా లిపిని గమనింపుడు. అందు అడ్డముగా గీసిన ఒక్క గీత 'ఒకటి' యను మాట. దానికి మరియొకటి చేర్చిన 'రెండు', ఇంకొకటి చేర్చిన 'మూడు'. 'పెద్ద' యను అర్థముగల అక్షరముపై నొక అడ్డగీత యుంచిన 'ఆకాశ'మగును. దానికే కుడివైపు పైన ఒక చుక్క పెట్టిన 'కుక్క' యగును. 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువు అక్షరములను 214 మూలరూపముల క్రింద విభజించినది. వానిలో మొదటిది ఆ అడ్డగీతయే.

మన లిపియందును ఇట్టి గీతలు కలవు. 'క' పైనున్న తలకట్టు అకారమునకు గుర్తు. 'కి' వ్రాయునపుడు అది తొలగి గుడి వచ్చును. 'ప' క్రింద వత్తు చేర్చిన 'ఫ' యగును. 'ఫలము' పండు; వత్తు లేని 'పలము' మాంసము. 'ధార' ప్రవాహము, 'దార' భార్య.

సూళ్లూరుపేట తమిళదేశపు సరిహద్దునకు చేరువనున్న ఊరు. ఇచ్చట రెండు భాషలును వినబడును. తమిళలిపియందు క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. దీనిని చూపి, "నోట పలుకని వత్తును చేత నేల వ్రాయవలెను?" అని కొంద రడుగుదురు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. వత్తులు పలువురి నోట జారిపోవుచునే యున్నవి. కాని తమిళలిపి తన భాషకు తగినట్లు అమరినది. తెలుగు వేలకొలది సంస్కృతపదములను తనవిగా చేసికొన్నది. వత్తు తీసివేసినచో వాని అర్థములు కలగాపులగ మగును. తమిళులును చిన్న గుర్తును అలక్ష్యము చేయలేదు. అక్షరముపై నుంచు 'పుళ్ళి' యను ఒక్క చుక్క అందలి అకారమును తొలగించును.

సూళ్లూరుపేటనుండి పులికాటు సరస్సు మీదుగా పోవు బాట శ్రీహరికోట చేరును. అచ్చటినుండి 1971 మొదలు రాకెట్లు ఎగురుచున్నవి. ఆ విద్యలోను గీతకు విలువ కలదు. 1962లో అమెరికావారు శుక్రగ్రహమువైపు పంపిన మారినర్-1 నౌక దారి తప్పగా, సుమారు ఐదు నిమిషములలోనే వారే దానిని నాశనము చేయవలసివచ్చెను. మార్గమును నిర్దేశించు సూచనలలో ఒక చిన్న గీత విడిచిపోవుట అందుకొక కారణమని తేలినది.

అంత దూరము పోనేల? ఒకరి పేరులోని వత్తు ఒక పత్రమున ఉండి మరియొక పత్రమున లేకున్నచో, ఆ మనిషి కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును.

కావున బాలలారా! వ్రాసిన పిదప ఒక్కమారు వెనుకకు చూచి తలకట్టును, వత్తును సరిచూచుకొనుడు. మనము తొందరలో విడిచిన గీతను చదువరి తన ఊహతో పూరించుకొనవలసివచ్చును. ఆ భారమును అతనిపై మోపుట న్యాయము కాదు.