ఆటల అరుగు: బెంచీ మీద కుర్రాడి విలువ

ప్రొ కబడ్డీ లీగ్ 2014లో మొదలయ్యాక మన ఇళ్లలో చెడుగుడుకు మళ్లీ మర్యాద వచ్చింది. కురుగోడు, బళ్లారి, సిరుగుప్పల్లో ఉన్న మా బంధువుల ఇళ్లు ఐదు కలిసి ఓ నోటుపుస్తకం ఆట ఆడుకుంటాం. ఒక్కో ఇల్లు లీగ్‌లోంచి పన్నెండుమందిని ఎంచుకోవాలి. ఏటా ఇద్దరినే మార్చుకోవచ్చు, తక్కినవాళ్లను అట్టిపెట్టుకోవలసిందే. నిజం మ్యాచుల్లో వాళ్లు తెచ్చే పాయింట్లే మనకు జమ. ఇందులో రూపాయి ప్రసక్తి లేదు కనుక, 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినా మా పుస్తకానికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఈ ఆటలో ఎప్పుడూ తెగని తగవు ఒకటుంది. బరిలోకి ఏడుగురే దిగుతారు, మిగిలినవాళ్లు బెంచీ మీద కూర్చుంటారు. ఆ బెంచీ మీద ఉన్న డిఫెండర్ కుర్రాణ్ణి మనం ఎన్నాళ్లు మోయాలి? "వాడు సున్నా తెస్తున్నాడు మామా, తీసేద్దాం" అంటాడు మా మేనల్లుడు. ఒక్క ఏడాది ఆటైతే వాడి మాటే రైటు. ఏళ్ల తరబడి సాగే ఆటకు లెక్క వేరు.

కూతకు వెళ్లేవాడికి అవకాశం వస్తే సత్తా వెంటనే తేలిపోతుంది. 2022లో తమిళ్ తలైవాస్ తరఫున పవన్ సెహ్రావత్ తొలి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. అదే జట్టులో కొత్తగా వచ్చిన నరేందర్ ఆ సీజన్‌లో 243 రెయిడ్ పాయింట్లు తెచ్చాడు. డిఫెండర్ సంగతి అలా కాదు. కార్నర్‌లో నిలబడ్డవాడు కాలు పట్టుకోగానే పక్కనున్న కవర్ వచ్చి కమ్ముకోవాలి. ఆ జంట కుదరడానికి రోజులు పడుతుంది. కాబట్టి డిఫెండర్‌ను మొదటి నాలుగు మ్యాచులు చూసి తూచకూడదు.

అయితే కుదురుకున్న డిఫెండర్ చాలాకాలం నిలుస్తాడు. నితేశ్ కుమార్ 2018 సీజన్‌లో యూపీ యోధా తరఫున 100 ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు. ఒక సీజన్‌లో ఆ అంకె అందుకున్న మొదటివాడు అతనే. మళ్లీ 2024లో, తమిళ్ తలైవాస్ జట్టులో, డిఫెండర్లందరిలో ముందు నిలిచాడు. 2015లో లీగ్‌లోకి వచ్చిన ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలి ముప్పై దాటాక కూడా పెద్ద జట్లకు కావలసినవాడే అయ్యాడు.

అందుకని బెంచీ కుర్రాణ్ణి నేను మూడు ప్రశ్నలతో తూస్తాను. వాడు ఎవరి వెనక కూర్చున్నాడు? ముందున్నవాడికి వయసు మీరినా, మోకాలు మొరాయిస్తున్నా మనవాడి వంతు దగ్గరపడ్డట్టే. వాడిది ఏ చోటు? కార్నర్‌లో ఖాళీ వస్తే అక్కడ అలవాటున్నవాడికే పిలుపు. కవర్‌లో నిలిచేవాణ్ణి ఉన్నట్టుండి మూలకు పంపరు. మూడోది, వాడి కోసం మనం ఎవరిని వదులుకుంటున్నాం? ఏటా అరవై పాయింట్లు తెచ్చేవాణ్ణి వదిలి వీణ్ణి ఉంచుకోవడం తెలివి కాదు. పన్నెండోవాడి చోటే అయితే పోయేదేమీ లేదు.

మూడింటిలో రెండింటికి మంచి జవాబొస్తే రెండు సీజన్లు ఆగండి. మూడో ఏటికీ బరిలోకి దిగకపోతే మొహమాటం లేకుండా తీసేయండి. ఒక్క ఏడాదికే తీసేస్తే పక్కింటివాళ్లు ఎత్తుకుపోతారు; వాడు పైకొచ్చాక ఆ ఐదారేళ్ల పాయింట్లు వాళ్ల ఖాతాలోనే పడతాయి.

పిల్లలకు ఈ లెక్క నేర్పడం నాకిష్టం. ఆడేవాణ్ణి మెచ్చుకోవడం అందరికీ వచ్చు. కూర్చున్నవాడు ఎందుకు కూర్చున్నాడో, ఎప్పుడు లేస్తాడో ఆలోచించడానికి కొంచెం ఓపిక కావాలి. మన ఊరి జట్టులోనూ అలాంటి కుర్రాడు ఒకడుంటాడు. ఈసారి మ్యాచ్‌కి వెళ్లినప్పుడు వాణ్ణి కూడా ఓసారి పలకరించి రండి.