స్వదేశీ కారులో మన చోటెక్కడ?

స్వదేశీ కారే కొనండి, మన కార్మికుడి కడుపు నిండుద్ది అంటన్నారు పెద్దలు. ఏ కార్మికుడి కడుపు? మేం అడగతన్నాం.

మారుతీ సంగతే చూడండి. 1981లో ప్రభుత్వ కంపెనీగా పుట్టింది. ప్రభుత్వ కంపెనీ అంటే కొలువుల్లో ఎస్సీ, ఎస్టీల వాటా ఇచ్చి తీరాల. 1992లో జపాను సుజుకీ వాటా 50 శాతానికి పెరిగింది. 2007కల్లా సర్కారు పూర్తిగా తప్పుకుంది. కారు మీద పేరు అదే. మన వాటా ఇవ్వాలన్న కట్టుబాటు మాత్రం పోయింది.

యజమాని జపానువాడు కాబట్టే ఇట్లా అయిందనుకునేరు! మన ముత్తుకూరు మండలమే చూడండి. కృష్ణపట్నం రేవులో ముప్పాతిక వాటా 2020లో నవయుగ వాళ్ల నుంచి అదానీ చేతికి పోయింది. ఇద్దరూ స్వదేశీలే. ప్రైవేటు కాబట్టి ఇద్దరికీ రిజర్వేషన్ వర్తించదు. పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన కరెంటు ఫ్యాక్టరీ ప్రభుత్వ రంగంలోది. అక్కడైతే మా వాటా ఏదని నిలదీసే హక్కుంది.

పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు చేస్తున్న కియా కొరియావాళ్లది. అయినా పనిచేసే చేతుల్లో మన రాష్ట్రం వాళ్లవీ ఉన్నాయి. అదే ఏడు, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని మన శాసనసభ చట్టం చేసింది. అందులోనూ ఎస్సీలకు విడిగా వాటా లేదు. స్థానికులంటే ఊరేనా, వాడ కాదా?

కాబట్టి కారు మీద పేరు చూసి మురిసిపోవద్దు. ఏ ఫ్యాక్టరీ గేటు కాడైనా మూడు లెక్కలు అడుగుదాం: పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, పర్మినెంటులో మాల మాదిగలెందరు? ప్రైవేటులోనూ రిజర్వేషన్ చట్టం వచ్చేదాకా స్వదేశీ మాట మనకు సగం మాటే.

జై భీమ్!